నేరేడు రంగు పూసుకున్న డాక్టరు

అనగనగా ఒక అడవిలో అందరికీ ఎక్కడో ఒకచోట నొప్పిగానే ఉండేది. కుందేలుకు చెవిపోటు. నక్కకు కడుపుబ్బరం. అడవిదున్నకు మోకాళ్లు. అందుకని ఆ అడవిలో డాక్టరుకు ఊపిరి తీసుకునే తీరిక ఉండేది కాదు.

ఆ డాక్టరు ఒక వడ్రంగి పిట్ట. పేరు ఉలిముక్కయ్య. నెత్తి మీద ఎర్రటి కుచ్చు, వీపు మీద బంగారు రంగు, ఉలి లాంటి ముక్కు. ఎండిపోయిన మద్దిచెట్టు తొర్ర ఆయన ఆసుపత్రి. చెట్టు లోపల పురుగు ఎక్కడుందో పైన తట్టి చెప్పగలిగే పిట్ట కదా, రోగి ఒంట్లో జబ్బు కూడా అలాగే తట్టి చెప్పేవాడు.

టక్, టక్, టక్. మూడుసార్లు తట్టేవాడు. ఒక చేదు బెరడు ముక్క ఇచ్చేవాడు. "తరువాత!" అని అరిచేవాడు. అంతే వైద్యం.

నిజం చెప్పాలంటే పిల్లలూ, చాలాసార్లు ఆ బెరడు పనిచేసేది. ఆయన తెలివైన డాక్టరే. కానీ ఆయన దగ్గర ఎవరూ ఒక్క మాట పూర్తిగా చెప్పి ఎరగరు.

ఆయనకు కాంపౌండరు ఒక ముసలి తొండ. డాక్టరు ఏమన్నా తల ఊపేది. ఏమీ అనకపోయినా ఊపేది.

ఒకరోజు ముళ్లపంది సూదులమ్మ ఆసుపత్రికి వచ్చింది. ఎడమ దవడ కాస్త ఉబ్బింది. ఒళ్లు వెచ్చగా ఉంది. పొద్దున్నే వచ్చి లైన్లో నిలబడింది. ఆమె వెనకవాళ్లు నాలుగడుగులు దూరంగా నిలబడ్డారు. లైనులో తోపులాట జరిగితే ముళ్లు ఎవరికి గుచ్చుకుంటాయో తెలియదు కదా!

చివరికి ఆమె వంతు వచ్చింది.

"డాక్టరుగారూ, మొన్న వాగు ఒడ్డున నాకొక దుప్పి కొమ్ము దొరికిందండీ. రాలిపడిన కొమ్ము. మావాళ్లకు కొమ్ములూ ఎముకలూ కొరికే అలవాటు ఉంది కదా. నేనేమో దాన్ని..."

డాక్టరు ముళ్లు లేని చోటు కోసం చూశాడు. ఆమె ముక్కు కనబడింది. దాని మీదే తట్టాడు. టక్, టక్, టక్.

"జ్వరం. వేపబెరడు. మూడు పూటలా నమలాలి. తరువాత!"

"అది కాదండీ, ఆ కొమ్ము ఏమైందంటే..."

"తరువాత!"

తొండ తల ఊపింది. సూదులమ్మ బెరడు ముక్క పట్టుకుని బయటికి వచ్చింది. వాచిన దవడతో బెరడు ఎలా నమలాలో ఆమెకు అర్థం కాలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పక్క కొమ్మ మీది నుంచి కొండముచ్చు తొంగిచూసింది.

"ఏంటత్తా, ఇంకా ఇక్కడికే వస్తున్నావా? ఇప్పచెట్ల దగ్గర బొంతమ్మ వైద్యం చేస్తోంది, తెలీదా? చేదు లేదు. తట్టుడు లేదు. అన్నీ ఆకులూ తేనే. అడవంతా అక్కడే ఉంది."

బొంతమ్మ అంటే ఎలుగుబంటి. ఒళ్లంతా దట్టమైన జుట్టు, దూరం నుంచి చూస్తే ఎవరో బొంత మడత పెట్టి చెట్టు కింద ఉంచినట్టు కనిపించేది. అందుకే ఆ పేరు. వాళ్ల అమ్మమ్మ దగ్గర ఆకులూ వేళ్లూ నేర్చుకుంది. దగ్గుకు అల్లం, తేనె. పడిశానికి వావిలాకు ఆవిరి. కీళ్లనొప్పికి వెచ్చచేసిన ఆముదం ఆకు. నెల రోజులుగా ఇప్పచెట్టు కింద కూర్చుని వచ్చినవాళ్లందరికీ అవే ఇస్తోంది.

సూదులమ్మ వెళ్లగానే బొంతమ్మ ముందు చాప చూపించింది.

"కూర్చో తల్లీ. ఏమైనా తిన్నావా? నిద్ర పట్టిందా? ఇంట్లో అందరూ బాగున్నారా?"

జబ్బు సంగతి తరువాత. ముందు ఇవి. సూదులమ్మకు ప్రాణం లేచివచ్చింది. కొమ్ము దొరికిన దగ్గర నుంచి మొదలుపెట్టింది. మధ్యలో కోడలి సంగతి వచ్చింది. కోడలి చెల్లెలి సంగతి వచ్చింది. పోయిన వానాకాలంలో బొరియ కూలిన సంగతి వచ్చింది. బొంతమ్మ అన్నిటికీ "అయ్యో!" అంది. ఒకచోట కళ్లు కూడా తుడుచుకుంది. చివరికి దవడ మీద పసుపు ముద్ద పట్టు వేసి, చిన్న ఆకు దొప్పలో తేనె ఇచ్చి పంపింది.

సూదులమ్మ ఇంటికి తేలిగ్గా నడిచి వెళ్లింది. "సగం తగ్గిపోయినట్టే ఉందే!" అని దారిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పింది.

ఆ వారంలోనే మద్దిచెట్టు దగ్గర లైను పలచబడింది. మొదట పదిమంది. తరువాత ముగ్గురు. ఆఖరికి ఒక ఉదయం డాక్టరూ తొండా తప్ప ఆసుపత్రిలో ఎవరూ లేరు.

"నేనేం తక్కువ చేశాను?" అన్నాడు డాక్టరు. తొండ తల ఊపింది.

"ఆ బొంతమ్మకు వైద్యం వచ్చా?" తల ఊపింది.

"రాదంటావా?" దానికీ ఊపింది.

డాక్టరుకు ఒళ్లు మండింది. "మత్తుమందేదో కలుపుతూ ఉంటుంది. నేనే వెళ్లి పట్టుకుంటాను. అందరి ముందూ బయటపెడతాను!"

కానీ ఎలా వెళ్లడం? అంత పేరున్న డాక్టరు బొంతమ్మ లైన్లో కనిపిస్తే ఇంకేమైనా ఉందా? ఆలోచించి ఆలోచించి నేరేడు చెట్టు కిందికి వెళ్లాడు. బాగా ముగ్గిన పళ్ల మీద అటూ ఇటూ దొర్లాడు. తల రుద్దాడు, వీపు రుద్దాడు, తోక కూడా ముంచాడు. ఎర్ర కుచ్చూ బంగారు వీపూ పోయి ఒళ్లంతా నీలంగా అయింది.

"ఇప్పుడు నేను పాలపిట్టను. నన్నెవరైనా గుర్తుపడతారా?" అని అడిగాడు. తొండ తల ఊపింది.

"పట్టరు కదూ?" మళ్లీ ఊపింది.

డాక్టరు రెండో జవాబే నమ్మాడు.

ఇప్పచెట్ల దగ్గర లైను వాగు దాకా ఉంది. డాక్టరు చివర్లో నిలబడ్డాడు. తీపి వాసనకు వెనకాల చీమలు కూడా లైను కట్టాయి. ఒకటి తోక ఎక్కింది. ఒకటి చంక దాకా వెళ్లింది. గోక్కుంటే రంగు పోతుంది. గోక్కోకపోతే ప్రాణం పోతుంది. పాపం, పళ్ల బిగువున నిలబడ్డాడు. పిట్టకు పళ్లెక్కడివి అనకండి, ముక్కు బిగువున అనుకోండి.

ముందున్న అడవిదున్నను మెల్లగా అడిగాడు. "తాతా, నాది పైకొండ అవతలి అడవి. మీ అడవిలో మంచి డాక్టరు ఉన్నాడట కదా? అక్కడికి వెళ్లకుండా ఇక్కడెందుకు?"

"వెళ్లాను నాయనా. మోకాళ్లు తట్టి చూసి, 'వయసైపోయింది, దీనికి మందు లేదు, తరువాత!' అన్నాడు. మాట నిజమే. కానీ ఆ మాట విని ఇంటికెళ్లి ఏం చేయను? ఈవిడ రోజూ ఆముదం ఆకు కట్టుకోమంది. నొప్పి పూర్తిగా పోలేదు. పొద్దున్నే లేస్తే చేయడానికి ఒక పని ఉంది. అది కట్టుకుని వాగు దాకా నడుస్తున్నాను."

దున్న ముందున్న కొండముచ్చు తనంతట తానే అందుకుంది.

"నా సంగతి వేరు. ఆ చేదు బెరడు తింటే నాకు రెండు రోజులు కడుపు ఆగదు. ఆకులైతే మనకు అలవాటైనవే కదా. పైగా ఇక్కడ తేనె ఇస్తారు." అని కన్నుకొట్టింది. దానికి అసలు జబ్బే లేదని అడవిలో అందరికీ తెలుసు.

దాని పక్కన తల్లి కుందేలు పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మా బుజ్జిదానికి ఆ ముక్కు చూస్తేనే వణుకు," అంది. "టక్ టక్ అని వినబడితే పొదలో దూరిపోతుంది. నాకు కూడా భయమే. ఏదైనా అడిగితే కసురుతాడు. మళ్లీ అడగాలంటే నోరు రాదు."

డాక్టరు తన ముక్కు వైపు తనే చూసుకున్నాడు. రెక్క కింద దాచుకున్నాడు.

ఆయన వంతు వచ్చింది. బొంతమ్మ ముక్కు ఎగరేసి గాలి పీల్చింది.

"నాయనా, నేరేడు పండు వాసన వస్తున్నావే!"

"మా వైపు పాలపిట్టలు ఇలాగే వాసన వస్తాయి," అన్నాడు డాక్టరు గబగబా.

"అలాగా!" అంది బొంతమ్మ. నోరూరినా తమాయించుకుంది. "కూర్చో. తిన్నావా? నిద్ర పట్టిందా? ఇంట్లో అందరూ బాగున్నారా?"

డాక్టరు నాలుక చివర ఒక అబద్ధపు జబ్బు సిద్ధంగా ఉంది. కానీ ఆ మూడు ప్రశ్నలు ఆయన్ను ఎవరూ అడిగి ఎన్నేళ్లయిందో! అసలు ఎవరైనా అడిగారా? నోటి నుంచి నిజం జారింది.

"నిద్ర ఎక్కడమ్మా? మెడ నొప్పి. పక్కకు తిప్పలేను. పొద్దున్నుంచి చీకటి పడేదాకా తలతో పనే. రోజుకు డెబ్బై మందిని చూడాలి!"

"పాలపిట్టవు, డెబ్బై మందిని ఏం చేస్తావు నాయనా?"

డాక్టరుకు చెమటలు పట్టాయి. "మందిని కాదు... పురుగుల్ని! డెబ్బై పురుగుల్ని చూడాలి!"

"చాలా పెద్ద సంసారమే," అంది బొంతమ్మ తొణక్కుండా. "మరి అన్ని పురుగుల్ని చూసేటప్పుడు కాస్త ఆగుతూ చూడకూడదూ?"

"ఎలా ఆగను? ఒకదాని దగ్గర ఆగితే లైను చివర ఉన్నది సొమ్మసిల్లి పడిపోతుంది. ఒకసారి అలాగే ఒక జింకపిల్ల..." అని ఆగిపోయాడు. బొంతమ్మ గుచ్చి అడగలేదు. వెచ్చటి ఆముదం ఆకు తెచ్చి మెడకు చుట్టింది. డాక్టరు కళ్లు మూసుకున్నాడు. తాను ఇక్కడికి ఎందుకు వచ్చాడో కాసేపు మరిచిపోయాడు.

అప్పుడే వెనక నుంచి ఏదో ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడైంది. అందరూ తప్పుకుని దారి ఇచ్చారు. సూదులమ్మ వచ్చింది. బొంతమ్మ దగ్గరికి ఇది మూడోసారి రావడం. దవడ వెలగపండంత అయింది. ఒళ్లు వణుకుతోంది. ముళ్లన్నీ వాలిపోయి ఉన్నాయి.

"పెద్దమ్మా, నీళ్లు కూడా మింగలేకపోతున్నాను," అంది. "ఆ కొమ్ము కొరికినప్పుడు పటుక్కుమని ఏదో లోపల విరిగినట్టయింది. చెప్పాను కదా. అప్పటి నుంచే ఇది."

బొంతమ్మ పసుపు ముద్ద అందుకుంది. "తగ్గుతుంది తల్లీ, తగ్గుతుంది," అంది. కానీ ఆ ముద్దను దవడకు పెట్టకుండా పంజాలోనే అటూ ఇటూ తిప్పడం డాక్టరు కంట్లో పడింది.

పటుక్కుమంది! ఆ మాట చెవిన పడగానే డాక్టరుకు జబ్బేమిటో తెలిసిపోయింది. తన ఆసుపత్రిలో ఈమె ఆ మాట దాకా రానేలేదు. కాదు, తానే రానివ్వలేదు. కొమ్ము పేడు, అంటే సూది లాంటి ముక్క, విరిగి పంటి చిగురులో దిగింది. లోపల చీము పట్టింది. తీయకపోతే నాలుగు రోజులు కూడా గడవవు. పసుపు ముద్దకూ వేపబెరడుకూ అది లొంగదు.

ఇప్పుడు ఏం చేయాలి? నోరు తెరిస్తే వేషం బయటపడుతుంది. డాక్టరుగారు ఒంటికి పళ్లరసం పూసుకుని బొంతమ్మ చేత మెడకు కట్టు కట్టించుకున్నాడని అడవంతా నవ్వుతుంది. తెరవకపోతే?

ఆయన చప్పుడు కాకుండా ఎగిరాడు. వాగు దాటాడు. అవతలి చెట్టు మీద వాలాడు. "నాకెందుకు? ఆవిడ రోగి కదా, ఆవిడే చూసుకుంటుంది," అనుకున్నాడు. చీమ ఒకటి మెడ మీద కుట్టింది. దాన్ని దులుపుకోలేదు. సూదులమ్మ వాలిపోయిన ముళ్లే కళ్లముందు కదులుతున్నాయి. ముళ్లపంది ముళ్లు వాలాయంటే ఇక పోరాడే ఓపిక లేదని అర్థం.

గిరుక్కున వెనక్కి తిరిగాడు. వచ్చీ రావడంతోనే బొంతమ్మ ఆవిరి పట్టాక గోరువెచ్చగా చల్లారిన వావిలాకు నీళ్ల కుండలో దూకాడు. బుడుంగుమంది. నీలం రంగు నీళ్లలోకి కారింది. కుండ అంచు మీదికి ఎర్ర కుచ్చు లేచింది.

"డాక్టరు!" అని అరిచింది కుందేలు. పిల్ల తల్లి పొట్టలో ముఖం దాచుకుంది. కొండముచ్చు నవ్వు ఆపుకోలేక నేల మీద పడి దొర్లింది.

"నవ్వండి, తరువాత నవ్వండి," అన్నాడు డాక్టరు నీళ్లు దులుపుకుంటూ. "సూదులమ్మా, నీ చిగురులో కొమ్ముపేడు ఉంది. ఇప్పుడే తీయాలి. నోరు తెరువు."

సూదులమ్మ ఆయన్ను చూసింది. అంత నీరసంలోనూ ముళ్లన్నీ ఒక్కసారిగా నిక్కపొడుచుకున్నాయి.

"నువ్వా? నేను తెరవను. ఆ రోజు నా మాట సగంలో కోసేశావు. చస్తే చస్తాను గానీ నీ ముక్కు నా నోట్లో పెట్టనివ్వను."

డాక్టరు బొంతమ్మ వైపు చూశాడు. నువ్వైనా చెప్పు అన్నట్టు చూశాడు.

బొంతమ్మ తల దించుకుంది.

"సూదులమ్మా, నేనొక మాట దాచాను. నువ్వు రెండోసారి వచ్చినప్పుడే వాపు పెరిగింది. ఇది నా ఆకులకు తగ్గేది కాదని నాకు అనుమానం వచ్చింది. ఆయన దగ్గరికి పంపిద్దామనుకున్నాను. పంపిస్తే బొంతమ్మకు ఏమీ రాదని అందరూ అనుకుంటారని భయపడ్డాను. నీ కథ మూడుసార్లు విన్నాను. ఒక్కసారి కూడా నీ నోరు తెరిచి లోపల చూడలేదు. తప్పు నాది."

కొండముచ్చు నవ్వు ఆపింది.

"నాది నీకంటే ముందు తప్పు," అన్నాడు డాక్టరు. వచ్చి చాప మీద కూర్చున్నాడు. "చెప్పు సూదులమ్మా. మొదటి నుంచీ చెప్పు. నేను వింటాను."

"మధ్యలో ఆపవు కదా?"

"ఆపను."

సూదులమ్మ చెప్పింది. నొప్పితో ఆగి ఆగి చెప్పింది. కొమ్ము దగ్గర మొదలై కోడలి దగ్గరికి వెళ్లింది. ఒక చీమ డాక్టరు కంటి పక్కకు వచ్చింది. ఆయన కదల్లేదు. కథ కోడలి చెల్లెలి దగ్గరికి వెళ్లింది. ముక్కు దురద పెట్టింది. తట్టలేదు. కథలో బొరియ కూలింది. ఆయన, ఇదిగో మీరు నమ్మరు, "అయ్యో!" అన్నాడు. అలవాటు లేని మాట కదా, కాస్త కీచుగా వచ్చింది.

ఆ "అయ్యో!"కు సూదులమ్మకు నొప్పిలోనూ నవ్వు వచ్చింది. ముళ్లు మెల్లగా దిగాయి. నోరు తెరిచింది.

బొంతమ్మ ఆమెను గట్టిగా పట్టుకుంది. పంజాల్లో పదకొండు ముళ్లు దిగాయి. పంటి బిగువున ఓర్చుకుంది తప్ప వదల్లేదు. డాక్టరు తల నోట్లో పెట్టి చూశాడు. తట్టలేదు, చూశాడు. అదిగో, చిగురు మూలన నల్లగా! ముక్కుతో పట్టి ఒక్క లాగు లాగాడు. చూపుడువేలంత పేడు బయటికి వచ్చింది. దాని వెనకే చీము. సూదులమ్మ కెవ్వుమంది. తరువాత గట్టిగా ఊపిరి వదిలింది.

బొంతమ్మ వేపాకు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో నోరు పుక్కిలింపించింది. మూడు రోజులు తన దగ్గరే ఉంచుకుని జావ పట్టింది. డాక్టరు రోజూ రెండుసార్లు వచ్చి చిగురు చూశాడు. నాలుగో రోజు సూదులమ్మ పచ్చి వెలగకాయ ఒకటి అడిగి తెప్పించుకుని కరకరా కొరికి తినేసింది.

ఇక డాక్టరు సంగతి వినండి. నేరేడు రంగు మూడు వారాలు వదల్లేదు. ఒక రెక్క పూర్తిగా నీలం, ఇంకొకటి చారలు చారలుగా నీలం. అడవిలో చిన్నాపెద్దా అందరూ "పాలపిట్ట డాక్టరుగారూ, బాగున్నారా?" అని పలకరించేవాళ్లు. మొదట్లో ఆయన ముక్కు ముడిచేవాడు. తరువాత "బాగున్నాను, నువ్వెలా ఉన్నావు?" అని అడగడం నేర్చుకున్నాడు. ఆ రంగు చూసి కుందేలు పిల్లకు భయం పోయింది. ఆయన వీపు మీదికెక్కి చారలు లెక్కపెట్టేది.

లైను పొడవు తగ్గలేదు. ఒక్కొక్కరి మాట చివరిదాకా వింటే రోజుకు డెబ్బై మంది ఎక్కడ అవుతారు? నలభై మంది అయ్యేవాళ్లు. కొందరు సణిగేవాళ్లు. అప్పుడు దగ్గూ పడిశం ఉన్నవాళ్లను డాక్టరే బొంతమ్మ దగ్గరికి పంపేవాడు. వాపు ఉన్నవాళ్లనూ మూడు రోజులైనా జ్వరం తగ్గనివాళ్లనూ బొంతమ్మ మద్దిచెట్టు దగ్గరికి పంపేది. ఎవరైనా "నాకు నీ తేనే కావాలి పెద్దమ్మా" అని మొండికేస్తే, ఆమె స్వయంగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి డాక్టరు ముందు కూర్చోబెట్టేది. నోరు తెరిచేదాకా పక్కన నిలబడేది.

నీతి: ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినాలి, మనవల్ల కానిదాన్ని పరువు కోసం దాచకుండా, చేయగలిగినవాళ్ల దగ్గరికి వెంటనే పంపాలి.